వోడ్కా గురించి నాలుగు మాటలు

(స్వర్ణోత్సవాల రెండవ రోజు ‘మా అనుభవాలు’ కార్యక్రమంలో 1980 పదో తరగతి బ్యాచ్ విద్యార్థి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

 

“నువ్వు మాస్కోలో ఆరేళ్ళు చదివావు కదా, వోడ్కా ఎన్ని రకాలుగా తాగొచ్చో ఓ పది నిమిషాలు సరదాగా చెప్పు” అన్నారు కార్యవర్గం వాళ్ళు. మాస్టార్లు ముందు వరసలో కూర్చుంటారని మాత్రం చెప్పలేదు. సైకిల్ షాపు వెనక బీడీ కాలుస్తూ దొరికినందుకు నాచేత గోడ కుర్చీ వేయించిన మాస్టారు ఇప్పుడు నన్నే చూస్తున్నారు. మాస్టారూ, ఈ ఒక్క రోజుకూ క్షమించండి.

వోడ్కా అన్న మాట నేను మొదట చదివింది మన ఊళ్ళోనే. విశాలాంధ్ర వాళ్ళ పుస్తకాల వ్యాను వచ్చినప్పుడు రెండు మూడు రూపాయలకు కొనుక్కున్న రష్యన్ కథల అనువాదాల్లో. 1983లో మాస్కో వెళ్ళాక, మాకు భాష నేర్పిన టీచరమ్మ ‘వొదా’ అంటే నీళ్ళు అని చెప్పింది. దానికి ముద్దుపేరే వోడ్కా. చిన్ని నీళ్ళు అన్నమాట. వాళ్ళ వొదా, మన సంస్కృతం ఉదకం ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు.

వోడ్కా అంటే స్పిరిట్టూ నీళ్ళూ, అంతే. ఆ రెండూ కలపడం నాకు మాస్కో నేర్పలేదు, మన కెమిస్ట్రీ మాస్టారు నేర్పారు. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 50 మిల్లీలీటర్ల స్పిరిట్టు, 50 మిల్లీలీటర్ల నీళ్ళు ఒకే కొలజాడీలో పోస్తే వంద రాలేదు. తొంభై ఆరూ తొంభై ఏడూ మధ్య ఆగింది. “మిగతాది ఎవడు తాగాడ్రా?” అని అడిగి, మనం నవ్వాక, ఒకదాని అణువులు రెండోదాని సందుల్లో సర్దుకుంటాయని చెప్పారు. 1865లో మెండలీవ్ డాక్టరేటు కోసం రాసిన గ్రంథం ఈ కలయిక మీదే. వోడ్కాకు నలభై శాతం అని నిర్ణయించింది ఆయనేనని రష్యన్లు గొప్పగా చెబుతారు. అది కట్టుకథ. పన్నుల లెక్క సులువుగా ఉండాలని సర్కారు వారు ఆయన ప్రయోగాలకు ముందే పెట్టుకున్న అంకె అది.

ఇక తాగే పద్ధతులు. రష్యన్లు అందులో ఏమీ కలపరు. సీసాను బాగా చల్లబరుస్తారు. ఇంట్లో ఫ్రీజర్‌లో పెట్టినా గడ్డకట్టదు, కాస్త చిక్కబడుతుంది. మా హాస్టల్లో చలికాలం ఫ్రిజ్ అవసరం ఉండేది కాదు, సంచిలో పెట్టి కిటికీ బయట వేలాడదీసేవాళ్ళం. చిన్న గ్లాసులో పోసి ఒక్క గుక్కలో తాగుతారు. వెంటనే నల్ల రొట్టె, ఉప్పు దోసకాయ, ఉప్పు చేప, పులియబెట్టిన క్యాబేజీ. వీటిని ‘జకూస్కి’ అంటారు. అవి లేకుండా గ్లాసు ఎత్తితే వాణ్ణి తాగుబోతు కింద జమకడతారు. ఇంకో నియమం, మాట లేకుండా తాగకూడదు. ప్రతి గ్లాసుకూ ఎవరో ఒకరు లేచి నాలుగు మాటలు చెప్పాలి. మొదటిది కలుసుకున్నందుకు. మూడోది చాలామంది ప్రేమ కోసం అంటారు. యుద్ధం చూసినవాళ్ళు మాత్రం చనిపోయినవాళ్ళ కోసం ఎత్తుతారు. అప్పుడు గ్లాసులు తాకించరు.

ఇళ్ళల్లో ఆడవాళ్ళు దాన్ని మన ఊరగాయల్లా ఊరబెడతారు. నిమ్మతొక్క లోపలి తెల్లపొర తీసేసి, అరలీటరు సీసాలో మూడు నాలుగు రోజులు ఉంచి వడకడతారు. ఎండుమిరపకాయ, తేనె వేసిన రకం ఒకటి ఉంది. గుంటూరు వైపు వాళ్ళకు అది నచ్చుతుంది.

రసాలతో, సోడాలతో కలపడం అమెరికా వాళ్ళ సరదా. నారింజ రసంతో కలిపితే స్క్రూడ్రైవర్. టమాటా రసం, నిమ్మరసం, మిరియాలు, ఉప్పు పడితే బ్లడీ మేరీ. అది నాకు మన చారులా అనిపించింది. అల్లం బీరు, నిమ్మరసం కలిపి రాగి చెంబులాంటి దానిలో ఇచ్చేది మాస్కో మ్యూల్. పేరు మాస్కోదే గానీ అది పుట్టింది 1941 ప్రాంతంలో, అమెరికాలో. నేను చదువుకున్న రోజుల్లో మాస్కోలో దాని పేరెత్తినవాడు ఒక్కడూ లేడు. మన హైదరాబాదులో జామరసంలో పోసి, గ్లాసు అంచుకు ఉప్పూకారం అద్ది ఇస్తారు. రుచికి మార్కులు వెయ్యమంటే నేను దానికే వేస్తాను.

సరదా ఇంతవరకు. ఇకపై చెప్పేది కార్యవర్గం అడగలేదు.

2005లో మా బ్యాచ్ పాతికేళ్ళ కలయిక జరిగింది. మాస్కో నుంచి వచ్చినవాణ్ణని బార్ బల్ల దగ్గర నాదే పెద్దరికం. ఇప్పుడు మీకు చెప్పినవన్నీ ఆ రోజు కలిపి చూపించాను. మూడేళ్ళు నా పక్క బెంచీలో కూర్చున్న స్నేహితుడు అడిగాడు, “ఏరా, ఇంటికెళితే మా ఆవిడ పట్టేస్తుంది, ఎలా?” అని. “వోడ్కాకి వాసన రాదురా, నిమ్మకాయ సోడాలో పోస్తే దేవుడు కూడా పట్టలేడు” అన్నాను. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు.

ఆ మాట నిజం కాదు. తాగినవాడి ఊపిరిలో వాసన వస్తుంది, కాస్త తక్కువగా వస్తుందంతే. కానీ వాడు నమ్మాడు. తర్వాత తర్వాత నిమ్మకాయ సోడాలో, కొబ్బరినీళ్ళలో, ఆఖరికి ఆఫీసుకు తీసుకెళ్ళే మంచినీళ్ళ సీసాలో. జకూస్కీ లేదు, చెప్పుకునే మాట లేదు, ఎదురుగా మనిషి లేడు. ఆరేళ్ళ కిందట కాలేయం చెడిపోయి పోయాడు. పేరు చెప్పను. మా బ్యాచ్ వాళ్ళకు తెలుసు. వాడి పిల్లలు ఈ సంచిక చదవొచ్చు. వాడు తాగింది నావల్లే అనడం లేదు, అంత పెద్దవాణ్ణి కాను. దాచుకునే దారి చూపించింది మాత్రం నేనే.

రష్యన్ల పద్ధతి గొప్పదని కూడా నేను అనను. 1985 మేలో గోర్బచేవ్ మద్యం మీద కట్టడి పెట్టినప్పుడు అక్కడే ఉన్నాను. మధ్యాహ్నం రెండింటి దాకా దుకాణాలు అమ్మేవి కావు. జనం ఇళ్ళల్లో సారా కాచుకోవడంతో దుకాణాల్లో పంచదార మాయమైంది. అందరూ తిట్టుకున్నారు. అయినా ఆ రెండు మూడేళ్ళలో అక్కడి మగవాళ్ళ సగటు ఆయుష్షు సుమారు మూడేళ్ళు పెరిగింది. కట్టడి పోయి, దేశమూ తలకిందులయ్యాక 1994 నాటికి 58 ఏళ్ళ లోపుకు పడిపోయింది. రొట్టే దోసకాయా వాళ్ళను కాపాడలేదు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డప్పుడు, వాళ్ళకు ఈ అంకెలతో పనిలేకపోయింది. రోజూ ఇంట్లో చూస్తున్నదే చాలింది.

అందుకే ఈ రాత్రి విందుకు వెళ్ళే తమ్ముళ్ళకు మాస్టారి కొలజాడీ లెక్క ఒకటి చెబుతాను. మన దేశంలో సీసా మీద ఉండేది 42.8 శాతం. 60 మిల్లీలీటర్ల పెగ్గులో ఆల్కహాలు ఇంచుమించు 20 గ్రాములు. మన కాలేయం గంటకు ఏడెనిమిది గ్రాములకు మించి ఖర్చు చెయ్యలేదు. అంటే ఒక్క పెగ్గుకు రెండున్నర గంటలు. రసంలో కలిపినా సోడాలో కలిపినా ఆ 20 గ్రాములు అలాగే ఉంటాయి, నాలుకకు తెలియదు, అంతే. బండి తాళాలు ఎవరికైనా ఇచ్చేయండి. వద్దన్నవాణ్ణి “ఒక్కటే రా” అని బలవంతపెట్టకండి. మన వాట్సాప్ గ్రూపులో ఉన్నట్టుండి మాట్లాడటం మానేసినవాడికి ఫోన్ చెయ్యండి. నేను చెయ్యలేదు.

నేను మానేసి ఆరేళ్ళయింది. నాకు బాగా ఇష్టమైన పద్ధతి ఏమిటని ఇప్పుడు అడిగితే, ఈ బల్ల మీద ఉన్న గ్లాసే. ఇందులో ఉన్నది వొదా మాత్రమే, వోడ్కా కాదు. మనం పోయినవాళ్ళకు ఉదకం వదులుతాం, వాళ్ళు మూడో గ్లాసు ఎత్తుతారు. మన బడిలో చదివి ఇవాళ ఇక్కడికి రాలేకపోయిన వాళ్ళందరి కోసం, మా బెంచీ వాడి కోసం, ఈ గ్లాసు ఎత్తుతున్నాను. మీ ముందున్న మంచినీళ్ళ గ్లాసులు మీరూ ఎత్తండి. తాకించవద్దు.

సెలవు.