విద్యుత్తు పనులు - మన ఆడపిల్లలు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



ఇరువదియైదు సంవత్సరములుగా ఒక గ్రంథాలయమును పోషించుకొని వచ్చుచున్న గ్రామము నన్ను పిలిచి మాట్లాడుమనుట నాకెంతయో గౌరవము. ఏదైన సాహిత్య విషయము చెప్పవచ్చునని కార్యదర్శిగారు వ్రాసిరి. నేను ముప్పది యేండ్లకు పైగా కరెంటు తీగల క్రింద తిరిగినవాడను. సాహిత్యము చెప్పుటకు నాకన్న తగినవారు ఈ వేదికమీదనే ఉన్నారు. కావున నేనెరిగిన పనిని గూర్చియే చెప్పుదును. అందును ఒక్క ప్రశ్నకే పరిమితమగుదును. మన ఆడపిల్లలు ఆ పని నేర్వవచ్చునా? నేర్చినచో అందులో నిలువగలరా?

ఈ ప్రశ్న నాకు ఇక్కడికి వచ్చిన తరువాతనే కలిగినది. సాయంకాలము సభకు ముందు కార్యదర్శిగారు పుస్తకములు ఇచ్చి పుచ్చుకొను లెక్క చూపిరి. పోటీ పరీక్షల పుస్తకములు తీసికొనువారిలో బాలికలే అధికముగా ఉన్నారు. బ్యాంకు పరీక్షలకు, ఉపాధ్యాయ పరీక్షలకు చదువుచున్నారు. సంతోషము. కాని ఐ.టి.ఐ. ఎలక్ట్రీషియను పుస్తకము ఇంతవరకు తీసికొన్నవారందరు మగపిల్లలే. ఆ పుస్తకము ఆడపిల్లలకు కాదని గ్రంథాలయమువారు ఎన్నడును చెప్పలేదు. చెప్పకపోయినను అట్లే జరుగుచున్నది.

కాగితముమీద స్పష్టముగా వ్రాసి కాదన్న సందర్భము కూడ ఒకటి ఉన్నది. 2019లో తెలంగాణ దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ 2500 జూనియర్ లైన్‌మన్ ఉద్యోగములకు ప్రకటన ఇచ్చినది. అందు స్త్రీలు అర్హులు కారని ఉండెను. ఆ పని నేర్చిన కొందరు యువతులు ఉన్నత న్యాయస్థానమునకు పోయి, సైన్యమే స్త్రీలను చేర్చుకొనుచుండగా మాకు స్తంభమెక్కు హక్కు ఎందుకు లేదని అడిగిరి. పరీక్షకు అనుమతి లభించినది. వ్రాతపరీక్ష అయిన పిదప స్తంభమెక్కు పరీక్ష వారికి పెట్టకుండుటచే మరల న్యాయస్థానము కలుగజేసికొనవలసి వచ్చెను. తుదకు 2020 డిసెంబరులో ఆ పరీక్ష జరిగినది. సిద్దిపేట జిల్లానుండి ఒకామె, మహబూబాబాదు జిల్లానుండి ఒకామె స్తంభమెక్కి నెగ్గిరి. సిద్దిపేట జిల్లా యువతి 2021లో ఉద్యోగమున చేరి ఆ రాష్ట్రమున తొలి మహిళా లైన్‌మన్ అయినది. లైన్‌మన్ అను మాటకు స్త్రీలింగము ఏమనవలెనో పత్రికలవారికి ఆ దినమున కొంత తికమక కలిగినది. ‘లైన్‌ఉమన్’ అని వ్రాసిరి. మాట ఏదైనను జీతము ఒక్కటే.

ఈ కథలో అందరు మెచ్చుకొనునది స్తంభమెక్కుట. నాకు దానికన్న ముఖ్యముగా తోచినది మరొకటి. న్యాయస్థానమునకు పోవునాటికే ఆ యువతులు పని నేర్చి, అర్హతాపత్రము చేత పట్టుకొని ఉన్నారు. అది లేనిచో ఏ న్యాయమూర్తియు వారికి చేయగలిగినది లేదు. ఉద్యోగపు తలుపు మూసియున్న కాలముననే ఎవరో తండ్రి, ఎవరో తల్లి, “ఈ చదువు నీకెందుకు?” అని అడ్డు చెప్పక కూతురిని ఎలక్ట్రీషియను తరగతికి పంపినారు. నేటి నా ప్రసంగము ముఖ్యముగా అట్టి తల్లిదండ్రులను ఉద్దేశించినది.

మీ మనస్సులలోని మొదటి సందేహము నేనెరుగుదును. ఇది బలముతో కూడిన పని, ప్రాణముతో చెలగాటము, ఆడపిల్లకు తగునా అని. బలము కొంత కావలెను. స్తంభము పాతుట, తీగ లాగి బిగించుట, ట్రాన్స్‌ఫార్మరు దింపుట ఒక్కడు చేయు పనులు కావు. మగవాడైనను ఒంటరిగా చేయలేడు. గ్యాంగు కలిసి, కప్పీ త్రాటితో, నేడు క్రేనుతో చేయుదురు. ఇక ప్రాణాపాయము మాట. అది కండబలము చాలక వచ్చునది కాదు. ఎట్లు వచ్చునో కొంచెము వివరముగా చెప్పెదను, ఇది తెలియుట మీ అందరికిని మంచిది.

పదునొకండు వేల వోల్టుల తీగమీద పనిచేయుటకు ముందు లైన్‌మన్ సబ్‌స్టేషనునుండి ‘ఎల్.సి.’ తీసికొనవలెను. అనగా ఆ లైనులో కరెంటు ఆపితిమని అక్కడి ఆపరేటరు సంఖ్య ఇచ్చి, వేళతో సహా పుస్తకమున వ్రాసికొనుట. తరువాత లైన్‌మన్ తానున్నచోట ఏబీ స్విచ్ తెరచి, మూడు తీగలును విడివడినవో లేదో కంటితో చూడవలెను. తీగలో కరెంటు లేదని పరీక్షించి, పనిచేయు చోటుకు ఇరువైపుల ఎర్తు రాడ్లు తగిలింపవలెను. అప్పుడు గాని స్తంభముమీద చేయి వేయరాదు. పని ముగిసిన పిదప క్రిందికి దిగినవారిని లెక్కపెట్టి, రాడ్లు తీసి, ఎల్.సి. తీసికొన్నవాడే దానిని తిరిగి ఈయవలెను. ఇంత తంతు అయిదు నిమిషముల ఫ్యూజు పనికి కూడ ఉన్నది.

నా ఎరుకలో జరిగిన ప్రమాదములలో పెక్కింటికి ఈ తంతులో ఒక మెట్టు దాటవేయుటయే కారణము. ఒకచోట ఒక ఫీడరుకు ఎల్.సి. తీసికొని, అదే స్తంభముమీదుగా పోవు మరియొక ఫీడరును ముట్టిరి. ఇంకొకచోట కరెంటు ఆపినమాట నిజమే, కాని ఊరిలో పెండ్లివారి జనరేటరునుండి కరెంటు వెనుకకు పారి తీగలోనికి వచ్చినది. రాడ్లు తగిలించియున్నచో ఆ మనిషి నేడు బ్రదికియుండును. అతడు మా అందరిలో బలశాలి. ఈ పనికి కావలసినది ఓపిక, వరుస తప్పని అలవాటు, ‘ఇంతలో ఏమగునులే’ అని అనుకొనని స్వభావము. ఇంటిలో పాలు పొంగకుండ, పొయ్యి ఆరకుండ, చంటిబిడ్డ పడకుండ ఏకకాలమున చూచుకొనువారికి ఆ స్వభావము లేదని ఎవరనగలరు? (మీ ఊరి ట్రాన్స్‌ఫార్మరు వద్ద ఫ్యూజు తీగకు బదులు లావుపాటి అల్యూమినియము తీగ చుట్టుచున్నది ఎవరో నేనడుగను. ఆ పని ఆడువారు చేయుట మాత్రము నేను చూడలేదు.)

ఈ రంగమున తెలుగు స్త్రీ అడుగుపెట్టుట నిన్న మొన్నటి సంగతియు కాదు. అయ్యలసోమయాజుల లలితగారు 1919లో మదరాసులో తెలుగు కుటుంబమున జన్మించిరి. చిన్ననాడే వివాహమై, పదునెనిమిదవ యేట చంటిబిడ్డతో వితంతువైరి. నాటి ఆచారమును బట్టి ఆమె జీవితము ఒక గదిలో ముగియవలసినదే. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుత్ శాస్త్రమున ఆచార్యులు. ఆయన కుమార్తెను అదే కళాశాలలో చేర్పించుటకు ప్రత్యేకానుమతి సంపాదించిరి. 1943లో ఆమె పట్టము పొందిరి. ఆ పట్టములలో ‘అతడు’ అనియే అచ్చుకొట్టియుండుటచే, దానిని కొట్టివేసి ‘ఆమె’ అని చేతితో వ్రాయవలసి వచ్చినదట. తరువాత ఆమె జమాల్‌పూరు రైల్వే కర్మశాలలో ఒక సంవత్సరము అప్రెంటిసుగా పనిచేసిరి. దీనిని గమనింపుడు. ఇంజనీరు పట్టము చేతనున్నను, యంత్రముల నడుమ చేయి మసిచేసికొని నేర్వవలసిన సంవత్సరము ఆమెకును తప్పలేదు. పిదప కలకత్తాలో ఒక పెద్ద విద్యుత్ పరికరముల సంస్థలో పెక్కు సంవత్సరములు లైనుల రూపకల్పన పనిచేసి, భాక్రా నంగల్ ఆనకట్ట విద్యుత్ పనులలో పాలుపంచుకొని, 1964లో న్యూయార్కున జరిగిన తొలి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల సమావేశమునకు వెళ్ళిరి.

అప్రెంటిసు మాట వచ్చినది గనుక ఆ చట్టము సంగతి చెప్పుదును. మన దేశమున 1961లో అప్రెంటిస్ చట్టము వచ్చినది. ముప్పదిమంది లేక అంతకు మించి పనివారున్న సంస్థ తన సిబ్బందిలో నూటికి రెండున్నరనుండి పదునైదు వంతుల వరకు అప్రెంటిసులను చేర్చుకొనవలెనన్నది నేటి నియమము. విద్యుత్ సంస్థలును దీనికి లోబడినవే. నెలకు ఉపకార వేతనము ఇత్తురు, ఒప్పందపత్రము వ్రాయుదురు, తుదిని పరీక్ష పెట్టి జాతీయ యోగ్యతాపత్రము ఇత్తురు. స్త్రీ పురుష భేదము ఈ చట్టమున లేదు. పదవ తరగతి నెగ్గినవారు ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియను చదువు రెండేండ్లు చదివి, పిమ్మట అప్రెంటిసుగా చేరవచ్చును. ఎనిమిదవ తరగతితో ఆగినవారికి వైర్‌మన్ చదువు ఉన్నది. అపాయకరమైన పనులలో అప్రెంటిసుకు పదునెనిమిదేండ్లు నిండియుండవలెను.

ఆశపెట్టి మోసపుచ్చుట నా ఉద్దేశము కాదు. అప్రెంటిసు ముగించినంత మాత్రమున ఆ సంస్థ ఉద్యోగమీయవలెనన్న నిర్బంధము చట్టములో లేదు. చాలమంది తిరిగి ప్రకటన కొరకు చూడవలసినదే. ఈలోగా కంట్రాక్టరు వద్ద పని, ఇండ్ల వైరింగు, మోటారు చుట్టుట, సౌర ఫలకములు బిగించుట వంటివి దొరకును. చేతిలో పనియున్నవాడు ఆకలికి ఓర్చుకొనగలడని మా మేస్త్రీ అనెడివాడు. ఓర్చుకొనుట కన్న తినుట మేలని నేననెడివాడను.

రెండవ చిక్కు, చేర్చుకొన్న తరువాత నేర్పుదురా అన్నది. అమెరికాలో సియాటిల్ నగర విద్యుత్ సంస్థ 1974లో పదిమంది స్త్రీలను ఎంచి విద్యుత్ పనులలో శిక్షణకు తీసికొన్నది. మరుసటి సంవత్సరమే వారిలో అధికులను తొలగించినది. వారు వివక్షపై ఫిర్యాదుచేసి నెగ్గి, 1976లో మరల పనిలో చేరిరి. కాగితముమీద ప్రవేశము దొరకుట వేరు, గ్యాంగులో చోటు దొరకుట వేరు. మా పనిలో విద్యయంతయు పెద్దవాని చేతినుండి చిన్నవాని చేతికి వచ్చును. తీగ ఎంత బిగించిన చాలునో, ఏ శబ్దమునకు ట్రాన్స్‌ఫార్మరు చెడినదని అనుమానింపవలెనో ఏ పుస్తకమును చెప్పజాలదు. ప్రక్కనున్నవాడు నోరు విప్పనిచో ఆ పిల్ల సంవత్సరమంతయు పనిముట్లు అందించుచు గడిపి, ఏమియు నేర్వకయే ఇల్లు చేరును. ఈ సభలో విద్యుచ్ఛాఖ సోదరులు నలుగురైదుగురు ఉన్నారు. వారితో నా మనవి ఇదియే. మీ గ్యాంగులోనికి ఒక ఆడపిల్ల వచ్చినచో ‘అమ్మా, నీవు నీడను కూర్చో’ అని దయ చూపవలదు. ఎర్తు రాడ్డు ఆమె చేతికిచ్చి, దగ్గర నిలిచి, తగిలించుట నేర్పుడు.

రాత్రి పని మాట కూడ తల్లులు అడుగుదురు. 1948 నాటి కర్మాగారముల చట్టము స్త్రీలు రాత్రి ఏడునుండి ఉదయము ఆరు వరకు పనిచేయరాదని కట్టడి చేసియుండెను. 2000లో మద్రాసు ఉన్నత న్యాయస్థానము ఆ కట్టడి చెల్లదని, తగిన రక్షణ ఏర్పాట్లతో స్త్రీలు పనిచేయవచ్చునని తీర్పు చెప్పినది. 2020 నాటి వృత్తిభద్రతా స్మృతియు స్త్రీ సమ్మతిపై, రక్షణ ఏర్పాట్లతో రాత్రి పనికి అనుమతించినది. చట్టము మారినంత వేగముగా సబ్‌స్టేషనులో మరుగుదొడ్డి రాదు. నడుము బెల్టులు, చేతితొడుగులు, బూట్లు చాలచోట్ల మగవారి కొలతలకే ఉన్నవి. వదులైన తొడుగుతో నట్టు బిగించుట ఎంత అపాయమో మాకు తెలియును. ఇవి అడిగి సాధించుకొనవలసినవి. ఒక్కతె అడిగినచో సణుగుడు అందురు. పదిమంది ఉన్నచో అది కోరిక యగును.

స్తంభమెక్కుట ఇష్టములేని పిల్లకు ఈ శాఖలో వేరు పనులు లేకపోలేదు. సబ్‌స్టేషను నడుపుట, మీటర్లు పరీక్షించుట, చెడిన ట్రాన్స్‌ఫార్మర్లకు చుట్టలు చుట్టుట - ఇవన్నియు విలువగల విద్యలే. అయినను స్తంభము ఎక్కనక్కరలేని పనులకే ఆడువారిని పరిమితము చేయుట నాకు సమ్మతము కాదు. లైన్‌మన్‌గా చేరినవాడు ఆ అనుభవముతోనే పైమెట్లు ఎక్కును. ఆ మొదటి మెట్టు కాదన్నచో పైవి కూడ కాదన్నట్లే.

ఇక గ్రంథాలయమువారితో ఒక మాట. ఎలక్ట్రీషియను రెండేండ్ల పాఠ్యపుస్తకములు, వర్క్‌షాపు లెక్కల పుస్తకము, జూనియర్ లైన్‌మన్ పాత ప్రశ్నపత్రములు నేను ఈ దినమున తెచ్చి కార్యదర్శిగారికి అప్పగించితిని. వానితోపాటు ఒక నడుము బెల్టు, ఒక జత రబ్బరు తొడుగులు, ఒక టెస్టరు కూడ ఇచ్చితిని. ఇవి బీరువాలో తాళము వేయుటకు కాదు, బల్లమీద పెట్టి పిల్లలను ముట్టి చూడనీయుడు. పదవ తరగతి ఫలితములు వచ్చిన కొలది దినములకే ఐ.టి.ఐ. దరఖాస్తులు మొదలగును. కూతురు దరఖాస్తు పెట్టుటకు సందేహించు తల్లిదండ్రులు నాతో మాట్లాడవలెనన్నచో, రేపు ఉదయము పదిగంటల బస్సు వరకు నేను ఈ పఠనమందిరములోనే ఉందును. కూతురిని కూడ వెంటబెట్టుకొని రండు. ప్రశ్నలు ఆమెయే అడుగవలెను.