ఒకే మాట – వేరు వేరు అర్థములు
(డొంకరాయి సంఘ కూడికలో చేసిన ప్రసంగము)



తెలియని మాట వినబడితే "అంటే ఏమిటండీ?" అని అడుగుతాము. తెలిసిన మాటైతే అడుగము. అందుచేతనే అపార్థములు తెలిసిన మాటలవల్లనే ఎక్కువగా కలుగుతున్నవి. మనము నిత్యమూ వాడే ఇంగ్లీషు మాటలే ఇందుకు సాక్ష్యము.

మన కొండ ప్రాంతమును "ఏజెన్సీ" అంటాము. 1839 నాటి చట్టము గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతములను గవర్నరుకు ఏజెంటుగా ఉండే కలెక్టరు పాలనలో ఉంచినది. ఆ ఏజెంటు పదవినిబట్టియే ఈ పేరు వచ్చినది. "మా అబ్బాయి ఏజెన్సీలో పని చేస్తున్నాడు" అని ఇంగ్లీషులో వ్రాసి అమెరికాకు పంపితే, అక్కడివారు ఏదో వ్యాపార సంస్థ అనుకొంటారు. జలవిద్యుత్ కేంద్రమున్న ఈ ఊళ్లో "కాలనీ" అంటే ఉద్యోగుల ఇండ్లు. పై దేశములలో పరాయి పాలనలోనున్న దేశమనే అర్థమే ముందు తోస్తుంది. మన యువకుడు దరఖాస్తులో కాలేజీ నుండి "పాసవుట్" అయ్యానని వ్రాస్తే, విదేశపు అధికారికి స్పృహ తప్పినట్లు వినబడుతుంది.

వేదపఠనములో కూడ ఇట్టి చిక్కులున్నవి. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో, శిష్యులు విశ్రాంతిదినమున త్రుంచినవి "కార్న్" వెన్నులు. ఇంగ్లండులో ఆ మాటకు ధాన్యమని, ముఖ్యముగా గోధుమ అని అర్థము, అమెరికాలో మొక్కజొన్న. కాని మొక్కజొన్న అమెరికా ఖండపు పంట. 1492లో కొలంబసు అక్కడికి చేరిన తరువాతనే మిగిలిన ఖండములకు వచ్చినది. మన తెలుగు బైబిలు "వెన్నులు" అని మాత్రమే చెప్పి మనలను ఈ చిక్కునుండి తప్పించినది.

ఇవి నవ్వుకొనదగిన సంగతులు. అన్నీ అట్లుండవు. 1951 ఏప్రిలులో కొరియా యుద్ధమందు, ఇంజిన్ నది యొద్ద చైనా సేనలు చుట్టుముట్టగా, ఒక బ్రిటిషు బ్రిగేడియరు అమెరికా సేనాధిపతికి పరిస్థితి "కొంచెం స్టికీ"గా ఉన్నదని తెలిపినాడట. బ్రిటిషువారి వాడుకలో అది ప్రాణాపాయము. అమెరికావారి చెవికి చిన్న ఇబ్బంది. ఈ అపార్థమువల్ల సహాయము ఆలస్యమైనదని చెప్పుకొంటారు. గ్లోస్టర్‌షైర్ పటాలపువారు వందలమంది శత్రువులకు బందీలైనారు.

ప్రియులారా, మైదానమువారు, కొండవారు, ఒడియా మాట్లాడేవారు ఒక్క చోట కూడే ప్రాంతము మనది. సహోదరుని మాట కష్టముగా తోచినప్పుడు కోపపడకమునుపు, "మీ ఉద్దేశమేమిటి?" అని ఒక్కసారి అడుగుదాము. యాకోబు తన పత్రిక మొదటి అధ్యాయములో మాటాడుటకంటె వినుటకే ముందు చోటు ఇచ్చినాడు గదా. అడుగుటవల్ల మన గౌరవము తగ్గదు. అడుగకపోవుటవల్ల సహోదరుడే దూరము కావచ్చును.