ప్రాత కారులో దోబూచులాడు నిప్పురవ్వ

పూర్తిగా చెడిన యంత్రమును బాగుచేయుట సులభము. ఒకప్పుడు నడచి, యొకప్పుడు మొరాయించు యంత్రమును బాగుచేయుటయే కష్టము. విశాఖపట్నము వన్ టౌన్‌లో, కురుపాం మార్కెట్టు పరిసరముల యిరుకు వీధులలో, ప్రాత పెట్రోలు అంబాసిడరును మక్కువతో నిలుపుకొన్న గృహస్థులకు ఈ చిక్కు క్రొత్త గాదు. ఇంటివద్ద చక్కగా బయలుదేరిన కారు సింహాచలము కొండదారిలో చటుక్కున ఆగిపోవును. మిస్త్రీ వచ్చునప్పటికి ఏమియు ఎరుగనట్లు మరల కదలును. రాత్రివేళ, కారులో వృద్ధులో పసిబిడ్డలో ఉన్నప్పుడు ఇట్లు జరిగినచో అది నవ్వులాట గాదు.

అట్టిచోట అనుమానముతో ఒక్కొక్క భాగమును మార్చుచు పోవుట పలువురి అలవాటు. అంబాసిడరు తయారీ 2014లోనే నిలిచిపోయినది. కనుక బాగున్న భాగమును పారవేయుట ధననష్టమే గాక వస్తునష్టము కూడ. మా మనవి యొక్కటే: దోషము ఎక్కడనున్నదని అడుగుటకు ముందు, అది ఎప్పుడు వచ్చుచున్నదని అడుగవలెను.

మొదట నిప్పురవ్వ నడచు త్రోవ తెలిసికొందము. 12 వోల్టుల బ్యాటరీనుండి విద్యుత్తు స్విచ్చి గుండ కాయిల్‌కు వచ్చును. డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు విడివడినంతనే ఆ ప్రవాహము తెగి, కాయిల్‌లో వేల వోల్టులు పుట్టును. ఫారడే 1831లో కనుగొనిన సూత్రమే యిది. రోటారు ఆ శక్తిని 1, 3, 4, 2 అను వరుసలో నాలుగు ప్లగ్గులకు పంచును.

తెల్లవారుజామునను వానలోను మొరాయించి, వేడెక్కిన పిమ్మట కుదుటపడినచో, తేమ కారణము. సముద్రపు ఉప్పుగాలి సోకు వన్ టౌన్‌లో దీనినే ముందుగా శంకింపవలెను. డిస్ట్రిబ్యూటరు మూతను పొడిగుడ్డతో తుడిచి, లోపల సన్నని పగులుగాని నల్లని చారగాని కలదేమో చూడవలెను. పగిలిన మూతను మార్చక తప్పదు.

వేడెక్కిన పిమ్మట ఆగి, చల్లారినచో నడచునేని, కాయిల్‌నో కండెన్సరునో అనుమానింపవలెను. వానిని వేడిమీదనే పరీక్షింపవలెను. చల్లారిన పిమ్మట అవి నిర్దోషులవలెనే కనబడును.

గతుకులలో తడబడినచో, వదులైన తీగ కారణము. డిస్ట్రిబ్యూటరులోపలి చిన్న తీగ పైకి నిండుగా కనబడుచునే, తొడుగులో తెగి యుండవచ్చును.

కారు ఆగినప్పుడు 12 వోల్టుల చిన్న బల్బు చాలును. స్విచ్చి వేసి, బల్బు తీగ నొకదానిని కారు ఇనుప భాగమునకును, రెండవదానిని స్విచ్చినుండి కాయిల్‌కు వచ్చు కొనకును తాకింపుడు. వెలుగనిచో దోషము కాయిల్‌కు ముందే కలదు. వెలిగినచో కాయిల్ రెండవ కొనకు తాకించి ఇంజను త్రిప్పించుడు. బల్బు వెలిగి ఆరుచుండవలెను. ఎడతెగక వెలిగినచో పాయింట్లు కలియుట లేదు, లేదా లోపలి తీగ తెగినది. పాయింట్ల యెడము అంగుళములో వేయింట 15 వంతులుండవలెను. పెట్రోలు వాసన వచ్చుచోట మాత్రము ఈ పరీక్ష తగదు. ఇంజను ఆగియుండగా స్విచ్చిని చాలసేపు వేసి యుంచరాదు, కాయిల్ కాగిపోవును.

కారులో ఒక చిన్న పుస్తకముంచుడు. ఆగిన వేళ, ఎండ, వాన, దారి వ్రాసికొనుడు. ఒక్కసారి ఒక్కదానినే సరిచేసి, కొన్నాళ్లు నడిపి చూడుడు. అట్టి ఓర్పుగల యింట ప్రాత కారు ఇంకను పెక్కేండ్లు నమ్మకముగా తిరుగగలదు.