ఇరువురకును సెలవు



గ్రీసు దేశమున పిరేయస్ రేవునుండి ఓడనెక్కి దక్షిణముగా పోయినచో హైడ్రా అను చిన్న ద్వీపము వచ్చును. అచ్చట, చెత్త యెత్తు బండ్లవంటివి తప్ప, మోటారు వాహనములకు అనుమతి లేదు. సామానులు కంచరగాడిదల వీపునెక్కి పోవును. సెలవు గడుపుటకు వచ్చిన దంపతులు పొద్దెక్కిన పిదప లేతురు. సముద్రస్నానము చేసి రేవునొడ్డున కాఫీ త్రాగుదురు. మధ్యాహ్నము వేచిన చేప, ఓలివునూనె చల్లిన టొమాటో దోసముక్కలు, గొఱ్ఱెపాల జున్నుగడ్డ, ఆపై నిద్ర. ఎండవేళ ఊరు సద్దుమణగియుండుట గ్రీకుల పాత ఆచారము. సాయంకాలము తీరమువెంట షికారు. దీనిని వారు 'వోల్టా' అందురు.

ఈ దినమునందలి సుఖము సముద్రమువలన మాత్రమే కలుగలేదు. భర్త లేచిన వేళకే భార్యయు లేచినది. పొయ్యి వెలిగించినది ఇరువురిలో నెవ్వరును కారు. వెలిగించినవారికి కూలి ముట్టినది. చలికాలమున యాత్రికులు తగ్గినపుడు వారికిని కొంత తెరపి గలదు.

ఇక గోవింద్‌పూర్ సంగతి. టెల్కో కర్మాగారమునకు చేరువనున్న ఈ ఊరి చుట్టుపట్ల సెలవు అను మాటకు గొప్ప చరిత్ర గలదు. టాటా ఉక్కు కర్మాగారమున 1912లోనే ఎనిమిదిగంటల పనిదినమును, 1920లో జీతముతోకూడిన సెలవును ఏర్పరచిరి. 1912 నాటికి ఊరిపేరు సాక్చియే. జంషెడ్‌పూర్ అను పేరు 1919లో వచ్చినది. అంతర్జాతీయ కార్మిక సంస్థ మొదటిదానికి 1919లోను, రెండవదానికి 1936లోను ఒడంబడికలు చేసినది. 1948నాటి కర్మాగారముల చట్టము వారమునకొక విశ్రాంతిదినమును విధించినది. కేంద్రప్రభుత్వోద్యోగులకు 1956లో సెలవు ప్రయాణ రాయితీ లభించినది. అది భారతదేశపు ఎల్లలకు లోబడినది. హైడ్రాకు బిల్లు పెట్టినచో అకౌంట్సువారు నవ్వి త్రిప్పి పంపుదురు. అండమానులకు పోవచ్చును, అవియు ద్వీపములే!

ఇన్ని నియమములు వెదకినను వంటయింటికి సెలవు మంజూరు చేసినది ఒక్కటియు కానరాదు. ఉద్యోగము చేయు ఇల్లాలికి క్యాజువల్ సెలవు ఉన్నమాట నిజమే. అది చుట్టములు వచ్చిన దినములకే సరిపోవును.

గోవింద్‌పూర్ నుండి డిమ్నా సరస్సునకు బయలుదేరిన తెలుగు దంపతుల నొకరిని ఊహించుకొనుడు. దల్మా కొండల పాదమున ఉక్కు కంపెనీవారు కట్టించిన జలాశయమది; నగరమునకు త్రాగునీరిచ్చును. చలికాలమున దాని గట్టు వనభోజనములతో కలకలలాడును. ఆదివారము గనుక ఆయన ఏడుగంటలకు లేచెను. ఆదివారము గనుకనే ఆమె నాలుగు గంటలకు లేచెను. పులిహోర కలుపవలె, గారెలకు పప్పు రుబ్బవలె, ఫ్లాస్కులో కాఫీ పోయవలె. సాక్చి మీదుగా మాన్‌గో వంతెనపై సువర్ణరేఖను దాటి గట్టు చేరిరి. దుప్పటి పరచినది ఆమె; విస్తళ్లు వేసినది ఆమె.

"ఎంత హాయిగా నున్నదే!" అని ఆయన పవ్వళించెను.

"అవునండీ" అనుచు ఆమె ఎంగిలి గిన్నెలు ప్రోగుచేసెను. ఇల్లు చేరునప్పటికి దీపాలు పెట్టు వేళ. మరునాటి క్యారియరునకు కూరలు తరుగవలసియుండెను. ఆయన మంచివాడే. ఆమె అలసినదని ఆయనకు తోచలేదు, అంతే. వనభోజనమనగా వంట మానుట కాదు, వంటను మోసికొనిపోవుట అని పురుషులకు తెలియుట అరుదు.

ఆ రాత్రి ఆమె "వచ్చేవారము మీరు పోయి రండి, నేను ఇంట పడుకొందును" అనెను. ఆ మాట ఆయనకు గ్రుచ్చుకొనెను. రెండు వారములు గడచిన పిమ్మట మరల బయలుదేరిరి, ఇద్దరును. ఈమారు ఇడ్లీలు హోటలునుండి వచ్చినవి. కాఫీ మాత్రము ఆయన కాచెను.

"పంచదార చాలలేదండీ" అనెను ఆమె.

"ఉండవే, విడిగా తెచ్చితిని" అని ఆయన సంచి వెదకి పొట్లము తీసెను.

మధ్యాహ్నము కొండనీడ నీటిపై వ్రాలు వేళకు ఆమె దుప్పటిపై నిద్రపోయినది. ఈగలు ముసరకుండ ఆయన విస్తళ్లు తీసి దూరముగా పారవేసి వచ్చెను.