కొండమీద నిలిచిపోయేవాళ్లు



పర్యాటకం చదువుకుని ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీ ముందు ఒక ప్రశ్న పెడదామని వచ్చాను. అరకులో టెంట్లు, క్యాంపులు, కేఫ్‌లు కొత్తగా వెలుస్తూనే ఉంటాయి. రెండు మూడు సీజన్లు సందడిగా నడిచి, తర్వాత బోర్డు కూడా మిగలకుండా పోయినవి నేనే ఎన్నో చూశాను. కొందరు మాత్రం అక్కడే ఉండిపోతారు. ఎందుకు ఉంటారు?

ఒక డిసెంబరు సాయంత్రం అనంతగిరి ఘాట్ రోడ్డు పక్కన బొంగు చికెన్ చేసే ఒకామె దగ్గర కూర్చున్నాను. మసాలా పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద పెట్టింది. నూనె చుక్క వేయలేదు. బొంగులోని తేమే మాంసాన్ని ఉడికిస్తుంది. పచ్చటి వెదురు నల్లబడేదాకా ఓపిగ్గా తిప్పుతూ, వాసన పట్టి ఉడికిందని చెప్పింది. "రేపు ఇంకో పదిమందిని తీసుకొస్తానమ్మా" అన్నాను. "రేపు ఉండను బాబూ, తోటలో పళ్లు ఎర్రబడ్డాయి" అంది.

గిరాకీ ముమ్మరంగా ఉన్నప్పుడు దుకాణం కట్టేయడం మీ పాఠాల ప్రకారం పెద్ద తప్పు. కానీ కాఫీ పళ్లన్నీ ఒక్కసారే పండవు. ఎర్రబడ్డవాటినే ఏరుకుంటూ, నవంబరు నుంచి జనవరి దాకా విడతలు విడతలుగా కోయాలి. అరకుకు జనం విరగబడి వచ్చేదీ ఆ నెలల్లోనే. రెండింట్లో ఆమె తోటనే ఎంచుకుంటుంది. ఆ కాఫీ మొక్కలు, సిల్వర్ ఓక్ చెట్టుకు పాకిన మిరియాల తీగ, మెట్ట మీది చోళ్లు, టూరిస్టు రాని నెలల్లో పొయ్యి ఆరకుండా చూస్తాయి. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్‌తో దేశమంతా రైళ్లు ఆగిపోయాయి. అప్పు తెచ్చి, అద్దె కట్టి నడిపేవాళ్లకు కొండ దిగడం తప్ప దారి ఏముంటుంది? ఆమెకు దిగాల్సిన పని పడలేదు.

వ్యాపారం కన్నా బతుకునే ఎంచుకునేవాళ్లు వేరేచోటా ఉన్నారు. 2000లో ఇరేనా అటెల్యెవిచ్, స్టీఫెన్ డోర్న్ అనే పరిశోధకులు న్యూజీలాండ్‌లోని చిన్న పర్యాటక వ్యాపారుల గురించి రాశారు. పెరిగే అవకాశం ఉన్నా, తమకు నచ్చిన బతుకు చెడిపోతుందని వ్యాపారాన్ని తామే హద్దులో ఉంచుకున్నవాళ్లు ఆ వ్యాపారులు. ఇలాంటివాళ్లు అనగానే నగరం విసుగెత్తి, మనసుకు నచ్చిన చోటికి వలస వచ్చినవాళ్లే మనకు గుర్తొస్తారు. అరకులో సంగతి వేరు. అక్కడ బతుకు ముందునుంచీ ఉంది. వ్యాపారం వచ్చి దాని పక్కన కూర్చుంది.

అయితే ఆ తోట ఆమె చేతిలో ఊరికే మిగల్లేదు. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలు, 1970లో వాటికి వచ్చిన సవరణ, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనుల భూమి గిరిజనేతరుల పాలు కాకుండా అడ్డుకట్ట వేశాయి. మీరంతా విహారయాత్రలో చూసి వచ్చిన బొర్రా గుహల పరిసరాల్లోనే గనుల లీజుల మీద గొడవ మొదలై సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ప్రభుత్వం కూడా షెడ్యూల్డు ప్రాంతంలోని భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వకూడదని సమతా అనే సంస్థ కేసులో 1997లో తీర్పు వచ్చింది. ఈ చట్టాలే పెట్టుబడికి అడ్డమని రేపు ఉద్యోగాల్లో చాలామంది మీకు చెబుతారు. నేను ఒప్పుకోను. బినామీ పేరు మీద కట్టిన రిసార్టు గేటు దగ్గర, ఆ నేలకు సొంతదారైన ఆదివాసీ కాపలా కాస్తుంటే, దాన్ని అభివృద్ధి అనడానికి నాకు నోరు రాదు.

అరకు కాఫీకి పారిస్‌లో 2017లో దుకాణం తెరిచారు. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చాలా సంతోషం. అద్దాల రైలు పెట్టెలో పొద్దున వచ్చి సాయంత్రానికి దిగిపోయేవాళ్ల వల్ల మాత్రం ఆ కాఫీ పండించే ఊళ్లో మిగిలేది తక్కువ. ఒక రాత్రి ఊళ్లో పడుకుని, వాళ్లు వండింది తిని వెళ్లేవాళ్లు కావాలి.

పాడేరు, హుకుంపేట, డుంబ్రిగూడ నుంచి వచ్చి చదువుకున్న పిల్లలు మీలో ఉన్నారు. పట్నంలో రిసెప్షన్ బల్ల వెనక నిలబడే ముందు ఒకసారి మీ ఇల్లు చూసుకోండి. రెండు గదులు శుభ్రం చేసి, చక్కటి మరుగుదొడ్డి కట్టించి మొదలుపెట్టండి. తోట మాత్రం వదలొద్దు. మైదానం పిల్లలారా, మీరు కొండ మీద భూమి కోసం ఎవరి పేరూ వెతకొద్దు. అక్కడివాళ్లకు లెక్కలు, బుకింగులు, అతిథి మర్యాదలు నేర్పండి. పనికి తగ్గ జీతం తీసుకోండి. ప్యాకేజీ వేసే ముందు, తోట పని ఏ నెలల్లో ఎక్కువో ఆ బొంగు చికెన్ చేసే ఆమెను అడిగి తెలుసుకోండి. ఆ నెలల్లో ఆమెకు వీలున్న రోజులకే అతిథుల్ని పంపండి.