పాత కంప్యూటరు చదువలేని డిస్కు



ఇంటిపన్ను డిమాండు రిజిస్టరు, గ్రామసభ తీర్మానములు, పనుల కొలతలు, వాటి ఛాయాచిత్రములు మొదలైనవానిని కొన్ని సంవత్సరముల క్రిందట సి.డి.లపై వ్రాయించి, బీరువాలో భద్రపఱచిన కార్యాలయములు కలవు. పుస్తకమునకు చెదలు పట్టును, డిస్కునకు పట్టదు గదా యని ధైర్యము. ఆ మాట నిజమే. కాని ఒకనాడు బకాయిదారుడొకడు వచ్చి, ఆ యేటి పన్ను తాను చెల్లించితినని వాదించెననుకొందము. లెక్క డిస్కులో నున్నది. పాత కంప్యూటరులో దానిని పెట్టగా కొంతసేపు గిఱగిఱ తిరిగి, డిస్కు లేదని తెరపై చూపును. చెడిపోయినదని దానిని పాఱవేసినచో పోవునది డిస్కు వెల కాదు, ఒక సంవత్సరపు లెక్క. కాబట్టి చదువబడని డిస్కు చెడిన డిస్కే యని తొందరపడవలదని మేము ముందుగా మనవి చేయుచున్నాము. అట్టి డిస్కులలో అనేకము మఱియొక యంత్రములో చక్కగా చదువబడును.

సంగీతము కొఱకు 1982లో విపణిలోనికి వచ్చిన సి.డి. కర్మాగారమున అచ్చొత్తబడును. దానిలో అక్షరములకు బదులు కంటికి కనబడని గుంటలుండును. మనము వ్రాసుకొను సి.డి.లో గుంటలు లేవు. పలుచని రంగుపూత యొకటి యుండును. రైటరులోని లేజరు ఆ పూతను అక్కడక్కడ కాల్చి గుర్తులు పెట్టును. చదువు యంత్రము ఆ గుర్తులను గుంటలని భ్రమపడి చదువును. క్రొత్త యంత్రము సులభముగా భ్రమపడును. పాతది, అందులోను లేజరు బలము తగ్గినది, తడబడును. తుడిచి మరల వ్రాయగల సి.డి.లతో చిక్కు ఇంకను ఎక్కువ. అచ్చు డిస్కు వెలుగును ప్రతిఫలించుదానిలో ఇవి మూడవవంతో, అంతకన్న తక్కువయో ప్రతిఫలించును. 1997కు పూర్వపు డ్రైవులు అనేకము వీనిని గుర్తింపనే గుర్తింపవు. తొలి డి.వి.డి. డ్రైవులు కొన్ని అచ్చు సి.డి.ని చదివియు, వ్రాసిన సి.డి.ని చదువజాలకుండెను. వాని లేజరు వెలుగు వేఱు, సి.డి. రంగుపూతకు తగిన వెలుగు వేఱు.

ఇక దోషమెక్కడ నున్నదో తెలిసికొనుట. ముందు ఆ పాత డ్రైవులో అచ్చు సి.డి. నొకదానిని, పాటలదైనను సరే, పెట్టి చూడవలెను. దానిని కూడ చదువనిచో నేరము మన డిస్కుది కాదు. మన గ్రామములలో దుమ్ము సహజము. డ్రైవులోని చిన్న కటకముపై దుమ్ము పేరుకొన్నను ఇట్లే జరుగును. విద్యుత్తు తీసివేసి, తెలిసినవానిచే రబ్బరు బల్బుతో మెల్లగా గాలి ఊదింపవలెను. వ్రేలితో తుడువరాదు. అచ్చు సి.డి.ని చదివి, మన డిస్కును మాత్రము చదువనిచో, ఆ డిస్కును మఱియొక క్రొత్త కంప్యూటరులో పెట్టవలెను. అక్కడను కాకున్న, దానిని వ్రాసిన రైటరులోనే పెట్టుట మేలు. ఏ యంత్రములో తెఱచుకొన్నను, ఆ క్షణముననే అందలి ఫైలులన్నిటికి నకలు తీసికొనవలెను. కారణము తరువాత వెదకవచ్చును. కారణము వెదకుచు డిస్కును పదిమార్లు త్రిప్పి, తుదకు నకలు తీయకుండుట తెలివి కాదు. ఒక ఫైలు దగ్గఱ ఆగిపోయినచో దానిని విడిచి, తక్కినవి ముందు తీసికొనవలెను.

డిస్కును చూచుట కూడ ఒక పరీక్షయే. సి.డి.కి, డి.వి.డి.కి రూపము ఒకటే, చుట్టుకొలత ఒకటే. 700 ఎం.బి. అని యున్నచో సి.డి., 4.7 జి.బి. అని యున్నచో డి.వి.డి. సి.డి. డ్రైవు డి.వి.డి.ని ఎన్నటికిని చదువదు. దీనికై యంత్రమును మరమ్మతు చేయింపబోవుట డబ్బు దండుగ. మురికి యున్నచో మెత్తని నూలుగుడ్డతో నడిమినుండి అంచునకు, బండిచక్రపు ఆకులవలె తిన్నగా తుడువవలెను గాని గుండ్రముగా తుడువరాదు. డిస్కుపై వ్రాత సుడివలె నడిమినుండి అంచునకు సాగును. గుండ్రముగా పడిన గీత ఒకే చోట చాల అక్షరములను చెఱచును. మొదటి ఫైలులు తెఱచుకొని చివరివి తెఱచుకొననిచో అంచును పరీక్షింపుడు. పండ్లపొడితో రుద్దిన బాగుపడునను మాట నమ్మి రుద్దవలదు. మఱియొక సంగతి పలువురకు తెలియదు. సి.డి.లో పేరు వ్రాయు వైపుననే, పలుచని లక్కపూత క్రింద, అసలు పొర యున్నది. పైకప్పు వంటి ఆ వైపు గీచుకొన్నచో బాగుచేయు ఉపాయము లేదు. అందుచే బాల్‌పెన్నుతో నొక్కి వ్రాయుట, కాగితపు చీటి అంటించుట ప్రమాదము.

డిస్కు శుభ్రముగ నుండి, యంత్రము మంచిదై యుండినను చదువబడకపోవచ్చును. అప్పుడు వ్రాసిన పద్ధతిని విచారింపవలెను. ఒక డిస్కుపై ఒకనాడు కొంత, మఱియొకనాడు కొంత వ్రాయవచ్చును. పాత డ్రైవులు కొన్ని మొదటినాటి వ్రాతను మాత్రమే చూడగలవు. మఱికొన్ని కంప్యూటరులలో చివరినాటిది మాత్రమే కనబడి, మొదటిది పోయినదను భయము కలుగును. అది పోలేదు, మఱుగుపడినది. డిస్కును ముగింపకుండ వదలినచో పాత డ్రైవునకు అది ఖాళీ డిస్కువలె తోచును. వ్రాసిన రైటరులోనే పెట్టి ముగించినచో తఱచుగా చదువబడును.

ఫైలులను అమర్చు విధానములును వేఱువేఱు. 1988లో ఏర్పడిన ఐ.ఎస్.ఓ. 9660 పద్ధతిని దాదాపు అన్ని కంప్యూటరులు ఎఱుగును. దాని తొలి నియమము ప్రకారము ఫైలుపేరు ఎనిమిది అక్షరములు, చుక్క తరువాత మూడు. విండోస్ 95తో వచ్చిన జోలియట్ పద్ధతిలో పేరు 64 అక్షరములవఱకు నుండవచ్చును. యు.డి.ఎఫ్. అనునది మూడవది. ఇటీవలి విండోసులో ఖాళీ డిస్కు పెట్టగానే పెన్‌డ్రైవువలె వాడెదరా, సి.డి. ప్లేయరుతో వాడెదరా యని అడుగును. మొదటిది ఎన్నుకొన్నచో యు.డి.ఎఫ్.లో, విండోస్ 98 చదువలేని రీతిలో, వ్రాయబడును. పాత కంప్యూటరు కొఱకు రెండవదే ఎన్నుకొనవలెను. మన తెలుగుపేర్ల విషయమున ప్రత్యేకముగా జాగ్రత్తపడవలెను. విండోస్‌లో తెలుగు 2001లో ఎక్స్.పి.తో చేరినది. అంతకు ముందటి యంత్రములో తెలుగుపేరు గల ఫైలు గీతలుగనో, ప్రశ్నార్థకములుగనో కనబడి తెఱచుకొనకపోవచ్చును. కావున ఫైలునకు ఇంగ్లీషు అక్షరములలో పొట్టిపేరు పెట్టుడు. ఫైలు తెఱచుకొని లోపలి తెలుగు మాత్రము పిచ్చిగీతలైనచో, అది డిస్కు లోపము కాదు. దానిని టైపు చేసిన ఖతి ఆ కంప్యూటరులో లేదు.

పాత కంప్యూటరు కొఱకు క్రొత్తగా వ్రాయించునపుడు ఒక్కమాఱు వ్రాయు సి.డి.నే కొనుడు. అత్యధికవేగమున గాక మధ్యవేగమున, అంతయు ఒకేసారి వ్రాయించి, ముగింపజేసి, సరిచూచుకొను ఏర్పాటును వాడుడు. అంచువఱకు నింపకుండుట మంచిది. ఒక రకపు డిస్కును ఆ యంత్రము ఒప్పుకొననిచో వేఱొక రంగుపూత గల రకమును ప్రయత్నింపుడు. అయినను సి.డి. పాత యంత్రమునకు చేరవేయు సాధనమే గాని దస్త్రమునకు శాశ్వతస్థానము కాదు. ఎండ, వేడి రంగుపూతను వెలిసిపోజేయును. శిథిలమగుచున్న తాటాకు గ్రంథమును మన పెద్దలు క్రొత్త ఆకులపై ప్రతి యెత్తించినట్లే, ఆ ఫైలులను హార్డుడిస్కులో ఒకటి, పెన్‌డ్రైవులో ఒకటి, రెండు చోట్లకు ఎక్కింపవలెను.

మీలో కొందఱు తమ కార్యాలయములనుండి డిస్కులు తెచ్చియున్నారు. ఇచ్చట ఒక పాత డ్రైవు, ఒక క్రొత్త రైటరు సిద్ధముగ నున్నవి. పన్నుల లెక్కలున్న వానితో ప్రారంభింతము.