బంతీ, బ్యాటూ రెండూ తనవే – ఎలిస్ పెర్రీ ఆట
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన సమావేశంలో ఆటల సామాను పద్దు చూస్తూ ఉండగా, తలుపు దగ్గర నిలబడ్డ నలుగురు ఆడపిల్లలు "మాకూ ఒక బ్యాటు కొనండి చాచా" అన్నారు. ఒక పెద్దాయన నవ్వి, "ఆడి ఏం సంపాదిస్తారమ్మా?" అన్నారు. ఆయన అడిగింది తప్పని మేము అనం. దానికి జవాబుగా ఈ రోజు ఒక ఆస్ట్రేలియా అమ్మాయి సంగతి చెప్తాం.

ఎలిస్ పెర్రీ 1990 లో సిడ్నీలో పుట్టింది. 2007 జులైలో, పదహారేళ్ళ వయసులో, డార్విన్‌లో న్యూజీలాండ్ మీద దేశం తరఫున క్రికెట్ ఆడింది. మర్నెలలోనే దేశం ఫుట్‌బాల్ జట్టులోనూ దిగి, హాంకాంగ్ మీద రెండో నిమిషంలోనే గోల్ కొట్టింది! మన పిల్లలకు ఆ వయసులో పదో తరగతి గట్టెక్కితే చాలునని మొక్కుకుంటాం. 2011 లో జర్మనీలో జరిగిన ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో స్వీడన్ మీద గోల్ చేసింది కూడా ఈమే.

ఆ ఫుట్‌బాల్ కాలే 2010 లో క్రికెట్‌కు అక్కరకొచ్చింది. బార్బడోస్‌లో ట్వంటీ-20 ప్రపంచ కప్ ఫైనల్. చివరి బంతికి న్యూజీలాండ్‌కు అయిదు పరుగులు కావాలి. బౌలింగ్ పెర్రీది. సోఫీ డివైన్ నేరుగా బలంగా బాదింది. బంతి బౌండరీకే అనుకుంటుండగా పెర్రీ కుడికాలు అడ్డం పెట్టింది. బంతి కాలికి తగిలి మిడాన్ వైపు పోయింది, ఒక్క పరుగే వచ్చింది. ఆస్ట్రేలియా మూడు పరుగులతో గెలిచింది. ఆ దెబ్బ ఎంత నొప్పెట్టిందో మరి!

ఆల్‌రౌండర్ అంటే ఏమిటో ఇంట్లో ఆడవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. పొయ్యి దగ్గరా తనే, బావి దగ్గరా తనే. అయితే దాని భారమంతా ఒంటి మీదే పడుతుంది. 2013 లో ముంబయిలో ప్రపంచ కప్ ఫైనల్ నాటికి ఆమె చీలమండ దెబ్బతిని ఉంది. బంతి వేయడానికి పరుగెత్తి మధ్యలోనే ఆగిపోయింది. అయినా కుంటుతూ వేసి 19 పరుగులిచ్చి వెస్టిండీస్ వికెట్లు మూడు తీసింది. ఆ తర్వాత కాలికి ఆపరేషనే అయింది. అంత దూరం పోవాలా అని మాలో కొందరికి అనుమానం లేకపోలేదు, ఆ కాలు ఆమెది కనుక ఊరుకున్నాం.

మొదట బౌలర్‌గా వచ్చిన మనిషి మెల్లమెల్లగా బ్యాటింగ్‌లో పైకి జరిగింది. 2017 నవంబరులో నార్త్ సిడ్నీలో ఇంగ్లండ్ మీద టెస్టు. 194 మీద ఉండగా కొట్టిన బంతి సిక్సర్ అనుకొని చేతులెత్తేసింది. తీరా అది గీత లోపలే పడిందట, నాలుగే ఇచ్చారు. మళ్ళీ నిలబడి ఆ రెండు పరుగులూ చేసుకొని, రెండోసారి చేతులెత్తింది. మొత్తం 213, నాటౌట్. చిత్రమేమంటే వన్డేలలో మొదటి సెంచరీ 2019 లో గానీ రాలేదు. అదే ఏడు కాంటర్‌బరీలో ఇంగ్లండ్ మీద 22 పరుగులకు ఏడు వికెట్లు తీస్తే, వాళ్ళు 75 కే ఆలౌటయ్యారు.

ఇక ఆ పెద్దాయన ప్రశ్న. ఆమె మొదలుపెట్టినప్పుడు ఆడవాళ్ళకు క్రికెట్ మీద బతుకు గడవదు, చదువో ఉద్యోగమో పక్కన ఉండాల్సిందే. 2017 లో జీతాల తగాదా తీరినప్పుడు ఆటగాళ్ళ సంఘం మగవాళ్ళకూ ఆడవాళ్ళకూ కలిపి ఒకే ఒప్పందం రాయించింది. ఆడవాళ్ళ వాటా 75 లక్షల డాలర్ల నుంచి 5 కోట్ల 52 లక్షలకు పెరిగింది. 2023 లో మన దేశపు మహిళా లీగు వేలంలో బెంగళూరు జట్టు పెర్రీకి 1 కోటి 70 లక్షల రూపాయలిచ్చింది. 2024 లో ఆ జట్టు కప్పు గెలిచింది. ఆ టోర్నీలో అందరికంటే ఎక్కువ పరుగులు, 347, ఆమెవే. ముంబయి మీద 15 పరుగులకు ఆరు వికెట్లు కూడా ఆమెవే. అదే జట్టులో మన ఆంధ్రా అమ్మాయి సబ్బినేని మేఘన కూడా ఆడింది, అది మరవకండి.

అన్నీ కలిసిరాలేదు లెండి. 2020 లో సొంత దేశంలో ప్రపంచ కప్. తొడ కండరం తెగడంతో ఫైనల్ ఆడలేకపోయింది. మెల్‌బోర్న్‌లో 86,174 మంది వచ్చిన ఆ ఆటను ఆమె బయట కూర్చుని చూడాల్సి వచ్చింది. 2023 లో ఇంగ్లండ్‌లో టెస్టు సెంచరీకి ఒక్క పరుగు ముందు, 99 దగ్గర ఔటైపోయింది.

బెంగళూరులో ఆమె కొట్టిన సిక్సరుకు మైదానం పక్కన పెట్టిన కారు అద్దం పగిలితే, ఆ ముక్కలకు ఫ్రేము కట్టించి ఆమెకే ఇచ్చారు. ఈ సంగతి చెప్తే మన నలుగురు పిల్లలూ పడిపడి నవ్వారు. బ్యాటు వచ్చే నెల వస్తుంది, పద్దు రాసేశాం. ఆదివారం పొద్దున రెండు గంటలు ఖాళీ స్థలం వాళ్ళకు వదలమని మగపిల్లలతో మాట్లాడే పని మాత్రం ఆ పెద్దాయనే ఒప్పుకున్నారు. కార్లు కాస్త దూరంగా పెట్టుకోండి.